కారు చేరే ద్వీపం

ఆ రోజుల్లో తిరువూరులో ఒక మనిషికి ఇంగ్లీషు వచ్చునో రాదో తేల్చడానికి పెద్ద పరీక్షలేమీ ఉండేవి కావు. శాఖా గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపరు ముందేసుకుని, మధ్య మధ్య తల పంకిస్తూ, ఒకటి రెండు చోట్ల నిట్టూర్చగలిగితే చాలు, వచ్చినట్టే. నేను ఈ మూడు పనులూ శ్రద్ధగా చేసేవాణ్ణి. (నాలుగోది, అంటే చదివింది అర్థం చేసుకోవడం, అంత శ్రద్ధగా చేశానని చెప్పలేను. బి.ఏ.లో ఇంగ్లీషు నన్ను రెండోసారికి గాని వదల్లేదు.) పైగా టైపు లోయరు పాసయ్యాను. ఊళ్ళో ఎవరికి కోర్టు నోటీసొచ్చినా, మందుసీసా మీద చీటీ చదవాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను చదివి చెప్పింది తప్పయితే అది నాకు తెలిసే లోపలే వాళ్ళు వేరే ఎవరి చేతో సరిచేయించుకునేవాళ్ళు. అందువల్ల నా పేరు చెడకుండా చాలాకాలం నిలబడింది. ఇప్పుడు తల్చుకుంటే, ఇరవై రెండేళ్ళ వయసులో అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

మా బాబాయికి సెంటర్లో ఆయిలింజన్ల షాపు ఉండేది. నేను అక్కడే టైపు మిషను ముందు కూర్చునేవాణ్ణి. డెబ్బైల నడిమి సంవత్సరాలవి. మాది మెట్ట ప్రాంతం, కాలవలు లేవు, బావులే దిక్కు. ఒక ఏడు వానలు ముఖం చాటేసి, బావుల్లో నీళ్ళు అడుక్కి దిగిపోయాయి. పెనుగొలను నుంచి ఎ.కొండూరు దాకా ప్రతి రైతూ ఇంజను కోసం మా షాపు మెట్లెక్కాడు. ఆ ఏడు జిల్లాలో అందరికన్నా ఎక్కువ ఇంజన్లు అమ్మింది మా బాబాయేనని తేలింది. ఆ ఇంజన్లు చేసే బొంబాయి కంపెనీ ఒక ఇటలీ కంపెనీతో కలిసి పనిచేసేది. దాంతో వాళ్ళు సంతోషపడి, మా బాబాయినీ పిన్నినీ పది రోజులు ఇటలీ తీసుకెళ్తామని ఉత్తరం రాశారు. ఆరు రోజులు ఫ్యాక్టరీలు చూడాలి, ఆఖరి నాలుగు రోజులు సముద్రం ఒడ్డున విశ్రాంతి. దానితోపాటు నున్నటి కాగితం మీద అచ్చేసిన రంగుల పుస్తకం ఒకటి వచ్చింది. అందులో మూడు సముద్రతీరాల బొమ్మలున్నాయి. మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. అవి నచ్చకపోతే అంతే ఖర్చులో అయ్యే ఇంకో తీరమేదైనా మనమే పేరు రాసి పంపవచ్చు. రెండు నెలలు గడువు. జంటగా వెళ్ళకపోతే మాత్రం ఆ అవకాశం రెండో స్థానంలో ఉన్న మైలవరం డీలరుకి పోతుంది.

ఆ చివరి వాక్యం నేను చదివి చెప్పగానే మా బాబాయి మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయనకి ఇటలీ మీద ఎంత మోజు ఉండేదో నాకు తెలియదు గాని, మైలవరం డీలరు ఇటలీ వెళ్ళడం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇష్టం లేదు.

పిన్ని రంగుల పుస్తకం చేతిలోకి తీసుకుని మొదటి బొమ్మ చూసింది.

"ఏంట్రా ఇది, తిరునాళ్ళా?"

"కాదు పిన్నీ, బీచి."

"ఇంతమంది పడుకున్నారేంటి? ఏమన్నా అయ్యిందా వీళ్ళకి?"

"ఎండ కోసం పడుకున్నారు పిన్నీ."

"ఎండగా ఉంటే లోపలికి పోవాలిగాని బయటికొచ్చి పడుకుంటారా," అంటూ పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. అప్పటిదాకా గొడుగులనుకున్నవి గొడుగులే గాని, వాటి మధ్య ఉన్నవాళ్ళ ఒంటిమీద ఏమున్నాయో, ఏం లేవో అప్పుడే ఆవిడకి స్పష్టమైనట్టుంది. పుస్తకం టపీమని మూసేసి బాబాయి వైపు చూసింది. "మీరెళ్ళి రండి. నేను రాను."

"జంటగా వెళ్తేనేనంట. లేకపోతే ఆ మైలవరం వాడికి పోద్ది."

"పోనీండి. వాళ్ళావిడకి ఓపికుంటే ఆవిడే పోద్ది."

ఇక్కడ మా పిన్ని గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ పుట్టింది పెనుగొలనులో, మెట్టింది తిరువూరులో. సముద్రమంటే ప్రాణం. ఎందుకంటే చెప్పలేను, చూడకపోవడమే కారణమేమో. పెళ్ళయిన కొత్తలో మాఘ పౌర్ణమికి లారీ కట్టించుకుని అందరూ మంగినపూడి వెళ్ళారట. ఇసుక వేస్తే రాలనంత జనం. నీళ్ళలో కాలు పెట్టిందో లేదో, ఎవరో ముసలావిడ ఈమెని తన కోడలనుకుని, జుట్టు పట్టుకుని టపటపా మూడు మునకలు వేయించి, ఒడ్డుకి లాక్కొచ్చి, ముఖం చూసి, "నువ్వెవరమ్మా?" అని అడిగిందట. ముక్కుల్లోంచి ఉప్పునీళ్ళు కారుతుండగా పిన్ని తన ఇంటిపేరు చెప్పుకుందట. "సముద్రం చూశావా అంటారు. నేను చూసింది తలకాయల్రా. సముద్రం వాటెనకాల ఎక్కడో ఉంది," అనేది ఎప్పుడూ. ఒక్కసారి, ఎవరూ తొయ్యకుండా, ఎవరూ చూడకుండా, తనకి తోచినంతసేపు సముద్రంలో కూర్చోవాలని ఆవిడ కోరిక. నలభై ఐదేళ్ళు వచ్చేదాకా అది తీరలేదు.

ఆ పూట బాబాయి అన్నం సరిగ్గా తినలేదు. పిన్ని గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది. ఇక నేనే ముందుకొచ్చాను.

"జనం లేని సముద్రం కావాలి, అంతేగదా పిన్నీ. ఇటలీకి మూడు వైపులా సముద్రమే. నేను చూసి పెడతా."

"నువ్వా?" అంది పిన్ని.

"వాడికి తెలుసులే, ఇంగ్లీషు పేపరు చదువుతాడు," అన్నాడు బాబాయి. మునిగిపోయేవాడు చెయ్యి చాపినట్టుంది ఆ మాట. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది.

గ్రంథాలయంలో ఒకే ఒక అట్లాసు ఉండేది. దానికి అట్ట లేదు, అందులో సగం దేశాలు అప్పటికే పేర్లు మార్చుకున్నాయి. అయినా సముద్రం ఎక్కడికీ పోదు గదా అని ఇటలీ పేజీ తీసి దాని మీద వాలాను. మూడు రోజులు చూశాక నాకొక సిద్ధాంతం తట్టింది. పటంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇరుగ్గా ఉన్నచోట జనం ఎక్కువ, అక్షరాలు లేనిచోట జనం తక్కువ. (దీన్ని ఎవరైనా తప్పని నిరూపిస్తే వినడానికి ఈనాటికీ సిద్ధంగానే ఉన్నాను.) ఈ లెక్క ప్రకారం రంగుల పుస్తకంలోని మూడు ఊళ్ళ దగ్గరా అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. అలా వేలు జరుపుకుంటూ పోతే, తీరానికి దూరంగా, నీలం రంగు మధ్యలో ఒక్క చుక్క కనిపించింది. చుట్టూ అక్షరం ముక్క లేదు. పక్కన కళ్ళు చికిలిస్తే గాని కనిపించనంత సన్నగా దాని పేరు. ఆ ద్వీపం పేరు ఇప్పుడు చెప్పను. అక్కడివాళ్ళకి నామీద ఏ కోపమూ లేదు, ఈ వయసులో తెచ్చిపెట్టుకోవడం ఎందుకు.

"ప్రెసిడెంటు గారు, గ్రామ పంచాయతీ" అని చిరునామా టైపు చేసి, కింద ద్వీపం పేరు, ఇటలీ అని కొట్టి, నాకు తెలిసిన ఇంగ్లీషంతా వాడి ఒక ఉత్తరం రాశాను. మా బాబాయి, పిన్ని మర్యాదస్తులు. వాళ్ళు మీ దగ్గర నాలుగు రోజులు ఉండదలిచారు. బస భద్రంగా ఉంటుందా, జనం ఎక్కువా, ఆడవాళ్ళు నిశ్చింతగా సముద్రస్నానం చేయవచ్చా, దయచేసి తెలుపగలరు. ఉత్తరం పోస్టు చేసి వారానికోసారి పోస్టుమ్యానుని నిలదీసేవాణ్ణి.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా జవాబు వచ్చింది. పొడుగాటి కవరు, పైన సింహమో కిరీటమో తెలియని ముద్ర, లోపల టైపు చేసిన కాగితం. ఒక్క ముక్క ఇంగ్లీషు లేదు. అంతా ఇటాలియన్.

ఆ కాగితం పట్టుకుని నేను షాపు మధ్యలో నిలబడ్డాను. ఎదురుగా బాబాయి. ఆ వార్త విని వంటింట్లోంచి వచ్చేసిన పిన్ని. (ఇల్లు షాపు వెనకే.) ఆ క్షణంలో నేను "ఇది నాకు రాదు" అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని ఇద్దరూ నా ముఖంలోకి అంత ఆశగా చూస్తున్నారు. పైగా కాగితంలో కొన్ని మాటలు ఇంగ్లీషుకి దగ్గర చుట్టాల్లా కనిపించాయి కూడాను. గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, మీ ఉత్తరం అందింది," అని మొదలుపెట్టాను. అది ఏ ఉత్తరమైనా చెప్పే మాటే గదా. "ఇదిగో, 'ఫమిల్యా' అంటున్నాడు. ఫ్యామిలీలు రావచ్చునట. 'విజిటా', అంటే విజిట్. ఫ్యామిలీతో విజిట్ చెయ్యమంటున్నాడు. 'సికురెజ్జా'. సెక్యూరిటీ. చాలా భద్రంగా ఉంటుందట."

"జనం సంగతి?" అంది పిన్ని.

"అసలెవర్నీ పడితే వాళ్ళని రానివ్వరట పిన్నీ. డాక్యుమెంట్లు చూసి గాని లోపలికి పంపరట."

పిన్ని ముఖం వెలిగింది. "చూశారా, పద్ధతైన వాళ్ళు."

"పడవ మీద పోవాలా?" అన్నాడు బాబాయి. ఆయనకి పడవంటే భయం.

నేను కాగితం మీద వెతికాను. 'కార్సెరే' అనో, 'కార్చెరే' అనో పలకదగ్గ మాట ఒకటి నాలుగైదు చోట్ల ఉంది. దేవుడు పంపినట్టుంది ఆ మాట. "అక్కర్లేదు బాబాయ్. కారు చేరే చోటే అని నాలుగుసార్లు రాశాడు. ఇంకో మాట. 'పెర్మనెంజా' అంట. నచ్చితే పర్మనెంటుగా ఉండిపోయినా అభ్యంతరం లేదట."

"ఎంత మంచోళ్ళురా," అంది పిన్ని. ఆవేళ మధ్యాహ్నం నాకు గారెలు వేసింది.

తిన్న చేత్తోనే కంపెనీవాళ్ళు ఉత్తరంతో పంపిన ఫారంలో ద్వీపం పేరు టైపు చేసి, బాబాయి చేత సంతకం పెట్టించి, వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను. నేను వచ్చేసరికి షాపు ముందు సైకిలు ఆగి ఉంది. సైకిల్ ఫాదరు వచ్చాడన్నమాట. గంపలగూడెం అవతల పల్లెలో చిన్న చర్చి, దవాఖానా నడిపే తెల్లాయన ఆయన. తెల్లటి అంగీ మోకాళ్ళ దాకా ఎగదోపి సైకిలు తొక్కుతాడు కాబట్టి ఆ పేరు. వాళ్ళ బావి మీద ఇంజను మాదే. రెండు మూడు నెలలకోసారి వాచర్ల కోసమో, నాజిలు కోసమో వస్తుండేవాడు. వచ్చి పదిహేనేళ్ళయిందేమో, తెలుగు మాకన్నా గంపలగూడెంగా మాట్లాడేవాడు. ఆయన ఏ దేశం వాడో ఎవరూ అడగలేదు. మా దృష్టిలో తెల్లగా ఉన్నవాళ్ళంతా ఇంగ్లీషువాళ్ళే.

"ఫాదర్ గారూ, మేం మీ దేశాల వైపు వస్తున్నామండోయ్," అన్నాడు బాబాయి హుషారుగా. "ఇటలీ."

"ఇటలీయా?" అని ఆయన వాచరు చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. "మాది ఇటలీయేనండీ."

నేను మెల్లగా టైపు మిషను వెనక్కి జరిగాను.

బాబాయి ఆనందం పట్టలేక, "మా వాడు చూడండి, అక్కణ్ణుంచి ఉత్తరం తెప్పించాడు. ఇటలీ భాష చదివేశాడు," అంటూ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఫాదరు కళ్ళజోడు పెట్టుకుని చదవసాగాడు. సగం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత కాగితం మెల్లగా మడిచి, చాలా నెమ్మదిగా, చావు ఇంట్లో మాట్లాడినట్టు అడిగాడు.

"ఏమనుకోకండి. మీ వాళ్ళెవరన్నా లోపలున్నారా?"

"లోపలంటే?"

"జైల్లో అండి."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫాదరు కాగితం మళ్ళీ విప్పాడు. "ఇది రాసింది జైలు సూపర్నెంటండీ. ఆ దీవి మొత్తం జైలే. ఊరూ పల్లే ఏం లేవు. లోపలున్నోళ్ళ కుటుంబాలని ఆదివారం పూట రెండు గంటలే కలవనిస్తారంట. ఖైదీకి మీరేమవుతారో కాగితం చూపించాలంట. నాలుగు రోజులు ఉండటం కుదరదంట. శిక్ష పడితే తప్ప."

"మరి కారు చేరే చోటని..." అన్నాడు బాబాయి.

"కార్చెరే అంటే జైలండీ."

ఆయన చివరి పేరా దగ్గర ఆగి, నవ్వు ఆపుకోలేక భుజాలు కదులుతుండగా, "ఆడవాళ్ళ స్నానం సంగతి తనకి అర్థం కాలేదంటున్నాడు. కాకపోతే నీళ్ళలో ఎవరు దిగినా పారిపోతున్నారనుకుని కాపలావాళ్ళు కాలుస్తారంట. దిగొద్దని మరీ మరీ చెప్తున్నాడు," అన్నాడు.

మా బాబాయి నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఫారం పోస్టులో వేశావా?" అని మాత్రం అడిగాడు. నేను తలూపాను. సాయంత్రం టపా సంచి బెజవాడ బస్సులో పోతుంది. బస్సుకి ఎంతో టైము లేదు.

తరువాత జరిగింది తిరువూరులో చాలామంది చూశారు. ఫాదరు అంగీ ఎగదోపి సైకిలెక్కి, "కూర్చో బాబూ," అన్నాడు. నేను వెనక క్యారేజీ మీద రెండు చేతులతో ఆయన నడుము పట్టుకుని కూర్చున్నాను. మా వెనక బాబాయి పంచె పైకి పట్టుకుని పరుగు. సెంటర్లో అరటిపళ్ళ బండివాడు, "ఏంటండీ, ఎవరికి బాగోలేదు?" అని అరిచాడు. "బాగానే ఉన్నారు, జైలు," అని అరిచాను నేను. (ఆ ఒక్క మాట వల్ల మర్నాటికి ఊళ్ళో పుట్టిన వార్తలు వేరే.) మేం బస్టాండు మలుపు తిరిగేసరికి ఎర్రబస్సు దుమ్ము మాత్రమే మిగిలింది. ఆ దుమ్ములో ముగ్గురం కాసేపు దగ్గాం.

ఇక మిగిలింది తంతి ఒక్కటే. పోస్టాఫీసులో ఫారం తీసుకుని నేనే రాశాను. ద్వీపం వద్దు, అది జైలు, వేరే ఊరు ఉత్తరంలో రాస్తున్నాం అని నా ఉద్దేశం. ఎన్ని తక్కువ మాటల్లో చెబితే అంత గొప్ప అనుకునే వయసు. ఆఖర్న సంతకంగా పెట్టిన 'డీలరు'తో కలిపి నాలుగే ఇంగ్లీషు ముక్కల్లో తేల్చేశాను. వాటిని విడదీసి తెలుగులో పెడితే "ట్రిప్పు రద్దు. డీలరు జైలు," అని వస్తుందని నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు పదకొండింటికి కంపెనీ వారి బెజవాడ ఆఫీసరు జీపులో దిగాడు. బొంబాయి నుంచి ఫోనొచ్చిందట. ముఖం నిండా విచారంతో షాపులోకి అడుగుపెట్టి, గల్లా పెట్టె పక్కన ఉప్మా తింటున్న మా బాబాయిని చూసి, "ఎప్పుడు వదిలారండీ?" అని అడిగాడు. ఆయన దారిలో మైలవరంలో ఆగి, అక్కడి డీలరుని పాస్‌పోర్టు సంగతి చూసుకోమని కూడా చెప్పి వచ్చాడట. ఆ మాట విన్నాక బాబాయి తినడం మానేసి నన్ను రెండు నిమిషాలపాటు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు కలలోకి వస్తుంది.

అదృష్టం కొద్దీ ఆ జీపు వల్ల మేలే జరిగింది. కొత్త ఫారం ఆఫీసరు చేతికే ఇచ్చి పంపవచ్చు. కాని అందులో ఏ ఊరి పేరు రాయాలి? ఫాదరు ముందురోజు వెళ్ళిపోలేదు. మా నవారు మంచం మీదే పడుకుని ఉదయం కాఫీ తాగుతూ కూర్చున్నాడు. పిన్ని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఫాదర్ గారూ, మీది ఏ ఊరండీ?"

"చిన్న ఊరమ్మా. సముద్రం పక్కనే."

"జనం ఎక్కువా?"

"ఉన్నోళ్ళే పనులకి పట్నాలు పోతున్నారమ్మా. చూడ్డానికేం ఉండదు. రాళ్ళు, నాలుగు పడవలు." ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మ ఉంది."

"ఎంత కాలమైందండీ మీరెళ్ళి?"

"పదకొండేళ్ళు."

పిన్ని నా వైపు తిరిగి, "టైపు చెయ్యి. ఆయన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం అడిగి చెయ్యి," అంది. అలాగే చేశాను. ఒక అక్షరం తప్పు పడితే ఫాదరే చెరిపి దిద్దాడు.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇల్లు పెళ్ళిల్లులా ఉంది. పాస్‌పోర్టులు, సూదిమందులు, కొత్త పెట్టెలు. పిన్ని రెండు జాడీల ఆవకాయ, కందిపొడి, అరిసెలు సర్దింది. ఫాదరు వాళ్ళమ్మ కోసమని ఒక మంగళగిరి చీర కొంది. "ఆవిడ చీర కట్టదు పిన్నీ," అన్నాను. "నీ మాట నేనిక వినను," అంది. ఫాదరు సైకిలు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, తల్లికి ఒక ఉత్తరంతోపాటు ఇచ్చాడు.

వాళ్ళు వెళ్ళిన పది రోజులూ నేను షాపులో కూర్చున్నానన్న మాటే గాని, మనసంతా అక్కడే. ఈసారి ఏమవుతుందో. తిరిగొచ్చిన రోజు బస్సు దిగుతూనే పిన్ని నా చెవి పట్టుకుంది. "జనం లేని చోటు చూడమంటే నాకోసమే జనాన్ని పోగేశారు గదరా మీరిద్దరూ."

జరిగిందేమిటంటే, ఫాదరు ముందే పోస్టులో పంపిన ఇంకో ఉత్తరాన్ని అక్కడి చర్చిలో చదివి వినిపించారట. "మా వాళ్ళు వస్తున్నారు, బాగా చూసుకోండి," అని రాశాడట ఆయన. మా వాళ్ళంటే ఎంతమందో, ఎలాంటివాళ్ళో తెలియక ఊరు ఊరంతా, పక్క నాలుగు ఊళ్ళవాళ్ళతో సహా, బండ్లు కట్టుకుని వచ్చి ఒడ్డున నిలబడ్డారట. బ్యాండు మేళం కూడా. మా బాబాయి మెడలో దండ వేస్తే, ఆయన అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించి, "ఇంజను ఎలా పనిచేస్తోందండీ?" అన్నాడట. పిన్ని చీర కుచ్చిళ్ళు లెక్కపెట్టడానికి పిల్లలు వరస కట్టారట. మొదటి రోజు సముద్రం వైపు చూద్దామంటే మళ్ళీ తలకాయలే.

"మరి స్నానం?" అన్నాను భయంభయంగా.

పిన్ని పెట్టె మీద కూర్చుంది. ఆవిడ ముఖంలోకి అంతకు ముందెప్పుడూ చూడని వెలుగొకటి వచ్చింది. "రెండో రోజు తెల్లారగట్ల ముసలావిడ తలుపు కొట్టిందిరా. మంగళగిరి చీర నల్లగౌను మీద చుట్టబెట్టుకుంది, బోర్లించిన బొంగరంలాగ. రమ్మని చెయ్యి పట్టుకుంది. ఒడ్డుకెళ్ళి చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళంతా బారుగా నిలబడి ఉన్నారు. ఊరి వైపు తిరిగి. మా వైపు ఒక్కతీ చూళ్ళేదు. మొగపురుగుని ఇటు రానివ్వలేదు. మేమిద్దరం దిగాం. ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. ఎండెక్కిందాకా. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. ఊరికే కూర్చున్నాం. అల వచ్చినప్పుడల్లా నవ్వేది."

ఫాదరు ఆ సాయంత్రమే సైకిలు మీద వచ్చాడు. అంత దూరం ఏ వేగంతో తొక్కాడో, అంగీ చెమటతో వీపుకి అంటుకుపోయింది. వాళ్ళమ్మ పంపిన ఊలు మేజోళ్ళు, ఆలివ్ నూనె సీసా ఇచ్చారు. తిరువూరు ఎండల్లో ఊలు మేజోళ్ళేమిటని ఎవరూ నవ్వలేదు. తర్వాత పిన్ని, "ఆవిడ మీకో మాట చెప్పమంది. అర్థం తెలీదు. విమానంలో దారంతా అనుకుంటూ వచ్చా," అని కళ్ళు మూసుకుని, బడిపిల్లలా నిలబడి, "సెయ్ మాగ్రో, మాంజా, మాంజా," అని అప్పజెప్పింది. గాలిపటం మాంజా అని గుర్తుపెట్టుకుందట.

ఫాదరు మేజోళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకొక్కసారి అనండమ్మా," అన్నాడు. పిన్ని మళ్ళీ అంది. ఇంకోసారి కూడా అడిగాడు. ఫోటో చూసి వాళ్ళమ్మ, చిక్కిపోయావు, తిను, తిను అందట. ఆ పూట మా ఇంట్లో ఆయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. తర్వాతి ఏడు సెలవు అడిగి వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చాడు కూడా.

ఒకసారి సముద్రంలో కూర్చున్నాక పిన్ని ఊరుకుంటుందా. చలికాలం రాగానే, "మన సముద్రానికి మాత్రం అలాంటి చోటు ఉండదేంట్రా, వెతుకు," అంది. ఈసారి నేను అట్లాసు జోలికి పోలేదు. బందరు బస్సెక్కి, అక్కణ్ణుంచి నడిచి, కనిపించిన జాలరివాళ్ళందర్నీ అడిగి, రెండు రోజులు తిరిగి, జనం దిగే చోటుకి బాగా అవతల సరుగుడు తోటల వెనక ఒక ఖాళీ ఒడ్డు చూసి వచ్చాను. లోతెంతో, ఆటెప్పుడో, పోటెప్పుడో కాగితం మీద రాసుకున్నాను. తెలుగులో.

ముగ్గురం వెళ్ళాం. బాబాయి ఒడ్డునే దుప్పటి పరచుకుని మైలవరం వైపు తల పెట్టి హాయిగా నిద్రపోయాడు. పిన్ని మోకాళ్ళ లోతుకి వెళ్ళి వెనక్కి తిరిగి, "నువ్వు రావేం?" అంది. అప్పుడు గాని నాకు తట్టలేదు, ఇటలీ తీరాల గురించి ఆర్నెల్లు ఉపన్యాసాలిచ్చిన నేను అప్పటిదాకా సముద్రంలో కాలే పెట్టలేదని. ప్యాంటు మడత పెట్టుకుని దిగితే, పిన్ని నా దాకా ఎదురొచ్చింది. చీలమండల దాకా వచ్చిన నీళ్ళు ఒక్కసారి వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకని కూడా లాక్కుపోతుంటే, భూమే నడిచి వెళ్ళిపోతున్నట్టనిపించి, పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆవిడ పెద్దగా నవ్వుతూ, "ఎలా ఉందిరా?" అని అడిగింది.

ఆ చీలమండల లోతు నీళ్ళలో వణుకుతూ నిలబడ్డ కుర్రాణ్ణి ఇప్పుడు తల్చుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పిన్ని లేదు, ఫాదరూ లేడు, ఆ సరుగుడు తోటలూ కొట్టేశారట. దేని గురించి ఎవరేం అడిగినా క్షణంలో జవాబు చెప్పే ఆ మహా పండితుడికి ఆవేళ చాలాసేపు నోట మాట రాలేదు. ఆఖరికి కళ్ళు తెరవకుండానే, "తెలియట్లేదు పిన్నీ, ఇంకాసేపు ఉందాం," అన్నాడు.